ఒక కచేరి, రెండు కాగితములు

కలెక్టరు కచేరినుండి జిల్లాలోని యిండ్లకు వచ్చు కాగితములలో రెండింటిని గూర్చి యీ మాసము మా పాఠకురాండ్రతో ముచ్చటింపదలచినాము. ఒకటి, భర్త పోయిన పేదరాలికి నెలకు 4,000 రూపాయల పింఛను. రెండవది, తుపాకి యుంచుకొనుటకు లైసెన్సు. ఆయుధముల చట్టము ప్రకారము జిల్లాలో లైసెన్సు నిచ్చువాడు జిల్లా మేజిస్ట్రేటు, ఆయనయే కలెక్టరు. మొదటి కాగితమును గూర్చి మాటలాడని శాసనసభ్యుడు లేడు. రెండవదానిని గూర్చి నోరు విప్పువారెందరు?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల స్త్రీలకు ఈ ప్రశ్నలోని బాధ చెప్పి తెలుపవలసినది కాదు. 1993లో జమ్మలమడుగు శాసనసభ్యులు, మాజీ మంత్రి పొన్నపురెడ్డి శివారెడ్డిగారు హైదరాబాదులో హతులైరి. 1998లో పులివెందుల వై.యస్. రాజారెడ్డిగారు బాంబులకు బలియైరి. మంత్రిగాను లోకసభ సభ్యులుగాను పనిచేసిన ఆయన కుమారులు వివేకానందరెడ్డిగారు 2019 మార్చిలో స్వగృహముననే హత్యగావింపబడిరి. వైద్యురాలైన ఆయన కుమార్తె న్యాయముకొరకు సుప్రీంకోర్టువరకు పోగా, 2022లో ఆ కేసు విచారణ హైదరాబాదునకు మార్చబడినది. ఇవి పెద్దయిండ్ల కథలు గనుక లోకమునకు తెలిసినవి. ఆ పెద్దల వెంట తిరిగి, వారికొరకు కొట్టి, కొట్టించుకొని, పేరైనను పత్రికల కెక్కక పోయిన అనుచరులెందరో! పింఛను పట్టికలో కనబడువారు వారి భార్యలే. చీనీతోటలలో కూలికి పోవుచు, వడ్డీ కట్టుచు, మగబిడ్డ పెద్దవాడగుచున్నాడని సంతసింపవలసిన తల్లి, వానికి తండ్రి పగ ఎవరు గుర్తుచేయుదురో యని భయపడుచుండుట మేమెరుగుదుము.

కక్షల హత్యలలో వేటకొడవలియు నాటుబాంబును ముఖ్యములు. ఆ బాంబును దొంగచాటుగా చేయవలెను, దాచవలెను. లైసెన్సు తుపాకి యట్లుగాదు. ప్రభుత్వపు ముద్రతో వీధివాకిట ప్రవేశించును. 2021 జూన్‌లో పులివెందుల మండలములోని యొక గ్రామమున ఒకడు లైసెన్సు తుపాకితో తన గ్రామస్థుని కాల్చి, పిమ్మట తన్ను తాను కాల్చుకొనెను. 2023 మార్చిలో పులివెందుల పట్టణమున డబ్బు తగాదాలో మరియొకడు ఇద్దరిని కాల్చగా ఒకడు మరణించెను. పాత కలహము, అప్పు తగవు ఏ యూరిలో లేవు? కఱ్ఱ యెత్తినవాని చేయి పట్టుకొనుటకు ఇంటి యాడుదానికి ఒక నిమిషమైన దొరకును. తుపాకి ఆ నిమిషము నియ్యదు. ఆత్మరక్షణకని తెచ్చిన వస్తువు ఏ దొంగను కాల్చినదో గాని, ఆ రెండు పర్యాయములును తెలిసినవారినే కాల్చినది.

తుపాకి చేసిన చేటును, సంక్షేమశాఖ పనిని రెండింటిని ఎరిగిన శాసనసభ్యురాలు మన పొరుగు జిల్లా అనంతపురమున కలరు. 2005 జనవరి 24వ తేదీన పరిటాల రవిగారు అనంతపురములో తమ పార్టీ కార్యాలయముననే తుపాకి గుండ్లకు కూలిరి. ఆయన తండ్రి శ్రీరాములుగారును 1975లో హతులైనవారే. రవిగారి భార్య సునీతగారు ఆ యేడే పెనుకొండనుండి శాసనసభకు ఎన్నికైరి. 2014లో పౌరసరఫరాల మంత్రియై చౌకబియ్యపు శాఖను నడపిరి. పిమ్మట స్త్రీ శిశు సంక్షేమ మామె వంతైనది. ఎదుటి పక్షమున మద్దెలచెరువు సూరిగారును 2011 జనవరిలో హైదరాబాదున కాల్చి చంపబడిరి. రెండిండ్లలోను పసుపుకుంకుమలు పోయినవి. ఎవరిది న్యాయమని తేల్చుట మా పని గాదు. ఇట్టి యాడువారు సభలో లేచి తుపాకిని గూర్చి పలికినచో, ఆ పలుకునకు కలుగు బరువు వేరొకరి పలుకునకు కలుగదని మాత్రము చెప్పగలము.

అమెరికాలో అట్లు పలికిన తల్లి యొకతె కలదు. 2012లో ఫ్లారిడా రాష్ట్రమున పెట్రోలు బంకువద్ద, కారులో పాట బిగ్గరగా పెట్టినారన్న తగవులో, లూసీ మక్‌బాత్ అను నామె కుమారుడు పదునేడేండ్లవాడు కాల్చబడి మరణించెను. ఆమె విమానములో పరిచారిక. 2018లో జార్జియానుండి ప్రతినిధుల సభకు ఎన్నికై, తుపాకుల చట్టమును గూర్చియు, బీదల వైద్యమును గూర్చియు విడువక మాటలాడుచున్నది. ఆ దేశమున 2022లో చేసిన చట్టము తుపాకుల కట్టడికిని, మనోవ్యాధుల చికిత్సకును ఒక్కమారే ధనము కేటాయించినది. ఈ రెండును ఒకే సంచిలోని విషయములని వారు గ్రహించిరి. మన పిల్లలు చదువులకు పోవుచున్నది ఆ దేశమునకే గనుక అచటి తుపాకి మనకు దూరపు వార్త గాదు.

మన చట్టమును చూతము. 1959 నాటి ఆయుధముల చట్టమును 2019లో సవరించి, ఒక్కొక్కరికి మూడు తుపాకులుండుటను రెండింటికి తగ్గించిరి. పెండ్లిండ్లలోను ఊరేగింపులలోను సంబరమునకు కాల్చుటను నేరముగా జేసి, రెండేండ్లవరకు ఖైదు, లక్షవరకు జుల్మానా, లేదా రెండును విధించిరి. అయితే లైసెన్సు గడువును మూడేండ్లనుండి అయిదేండ్లకు పెంచిరి. ఇది మాకు నచ్చలేదు. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులను పోలీసుఠాణాలలో దాఖలు చేయింతురు. ఓట్ల పెట్టెకు అపాయకరమైన వస్తువు తక్కిన దినములలో ఊయలకు అపాయకరము గాదా?

కెనడా దేశమున తుపాకికి దరఖాస్తు పెట్టువాడు భార్యచేత సంతకము చేయింపవలెను. ఆమె చేయనియెడల అధికారులే ఆమెకు తెలియజేయుదురు. మన దరఖాస్తులో భార్య సంతకమునకు చోటులేదు. పోలీసులు విచారణకు వచ్చినప్పుడు పురుషుని నడతను ఊరిపెద్దల నడిగి పోయిన చాలదు; ఆతడు త్రాగివచ్చునో, అలిగి కొట్టునో యెరిగినది వంటింటిలోనిది. ఆయుధముల చట్టము కేంద్రముదైనను, ఈ విచారణ రాష్ట్రపు పోలీసులదే. ఇంటి స్త్రీని వేరుగా, భర్త యెదుట గాక, అడిగి వ్రాసికొనవలెనని ప్రభుత్వముచేత ఉత్తరువు చేయించుటకు మన మూడు నియోజకవర్గముల సభ్యులు ప్రయత్నింపవచ్చును. పింఛను మాట చెప్పుటకు వారు వాకిటికి వచ్చినప్పుడు మన సోదరీమణులు కాఫీ యిచ్చి, ఈ సంగతియు అడుగుదురు గాక.