సినిమా రాత్రి: చెవికి తెలుగు, మరి కంటికి?

"తెలుగు సినిమాలు చూపిస్తూనే ఉన్నాము కదండీ, భాష దానంతట అదే వస్తుంది" అని తల్లిదండ్రులు తరచు అంటూ ఉంటారు. ఇది సగం మాత్రమే నిజము. ఆ సగమైనా చూపించే తీరును బట్టి ఉంటుంది.

నేడు రాయగడలోగాని, కొరాపుట్, జయపురాలలోగాని శనివారం రాత్రి ఒక తెలుగింట పిల్లవాడు సినిమా పెట్టినాడనుకోండి. కథానాయకుడు తెలుగువాడు, కథ తెలుగుది. వినిపించే మాట మాత్రం హిందీ. యూట్యూబులో ఉచితంగా దొరికేవి చాలావరకు హిందీ డబ్బింగులే. "పోనీలే, హిందీ కూడ అబ్బుతుంది" అని పెద్దలు ఊరుకుంటారు. హిందీకి బడి ఉన్నది, టీవీ ఉన్నది, బజారు ఉన్నది. మన ఊళ్లలో తెలుగుకు మిగిలినది ఇల్లొక్కటే. కాబట్టి సినిమా మొదలుపెట్టక ముందే ఆడియో తెలుగులో ఉన్నదో లేదో చూచుకోవడం మొదటి పని.

మన పిల్లల స్థితి ప్రత్యేకమైనది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉన్న జయపురం ప్రాంతము అందులో చేరినది. 1992లో కొరాపుట్ జిల్లా నుండి రాయగడ విడివడినది. సరిహద్దులు మారినా ఇళ్లలో మాట మారలేదు. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించమంటున్నది; ఆ సదుపాయము అందని పిల్లవాడు ఒడియాలోనో ఇంగ్లీషులోనో అక్షరాలు దిద్దుతాడు. తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. సినిమా అతని చెవిని పదును పెట్టగలదు. కంటికి అక్షరము ఇవ్వలేదు. ఆ పని ఇంటివారే చేయాలి.

చెవికి కలిగే లాభమూ చిన్నది కాదు. ఒడియా లిపిలో హ్రస్వమైన ఎ, ఒ లకు విడిగా అక్షరాలు లేవు. అందువల్ల ఒడియా మాధ్యమంలో చదివిన పిల్లలు తెలుగు చదవబోయినప్పుడు మెడకూ మేడకూ, తెగకూ తేగకూ తేడా పట్టలేక తికమక పడతారు. అకారాన్ని ఒకారపు ఛాయతో పలుకుతూ 'కమల'ను 'కొమొలొ' అని చదివే పిల్లలూ ఉంటారు. సావిత్రి, ఎస్.వి. రంగారావు వంటి వారి ఉచ్చారణ విన్న చెవికి ఈ భేదాలు తేలికగా తెలుస్తాయి.

నా ఎంపిక 'మాయాబజార్' (1957). కె.వి. రెడ్డి దర్శకత్వము, పింగళి నాగేంద్రరావు మాటలు. నలుపు తెలుపు చిత్రమని పిల్లలు మొండికేస్తే 2010లో వచ్చిన రంగుల ప్రతి ఉన్నది. మూడు గంటల చిత్రాన్ని ఒకేసారి కుదించి కూర్చోబెట్టకండి. సుభద్ర, అభిమన్యుడు అడవి చేరేవరకు ఒక రాత్రి. ఘటోత్కచుడి రాకతో రెండవ రాత్రి. అక్కడ చిన్నమయ్య శిష్యులు సంయుక్తాక్షరము పలకలేక 'అస్మదీయులు' అనవలసినచోట 'అసమదీయులు' అంటారు. పిల్లలు పగలబడి నవ్వుతారు. ఆ నవ్వు ఆగకముందే చిత్రాన్ని నిలిపి, రెండు మాటలనూ కాగితం మీద పక్కపక్కన వ్రాసి చూపండి. మకారము స కిందికి ఒత్తుగా చేరితే ఒక మాట, విడిగా నిలిస్తే మరొక మాట. నల్లబల్ల మీద వారం రోజులు చెప్పినా ఎక్కని ఒత్తు ఆ రాత్రి ఎక్కుతుంది. ఐతే రెండు మూడుసార్లకు మించి ఆపవద్దు. ప్రతి సన్నివేశానికీ ప్రశ్న వేసే తండ్రి పక్కన ఏ పిల్లవాడూ రెండవసారి సినిమా చూడడు.

పాటల సంగతి వేరు. అహ్మదాబాదు ఐ.ఐ.ఎం.కు చెందిన బ్రిజ్ కొఠారి 1996 నుండి ఒక సరళమైన ఆలోచనను ప్రచారము చేసినారు: పాట ఏ భాషలో వినబడుతున్నదో ఆ భాషలోనే అక్షరాలు తెర కింద కనబడాలి. పాడుతూ పాడుతూ కన్ను తనకు తెలియకుండానే చదువుతుంది. మనకు దొరికే చిత్రాల కింద కనబడేది తరచు ఇంగ్లీషే. దానిని తీసివేసి, పిల్లవానికి నచ్చిన పాట పల్లవిని పెద్ద అక్షరాలతో అట్ట మీద వ్రాసి టీవీ పక్కన నిలపండి. కరెంటు పోయినా అట్ట ఉంటుంది!

మరొక సంగతి తల్లిదండ్రులు గమనించవలె. మన ఇళ్లలోనిది ఉత్తరాంధ్ర మాట. చాలా చిత్రాలలో ఆ యాస హాస్యగానికో, పనివానికో దక్కుతుంది. అది చూచిన పిల్లవాడు తన అమ్మమ్మ మాటకు సిగ్గుపడటం మొదలుపెడితే సినిమా వల్ల కలిగిన మేలంతా పోయినట్లే. పక్కనున్న పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడినారని అప్పుడు చెప్పవచ్చు. కొంచెము పెద్ద పిల్లలకైతే విశాఖలోని కంచరపాలెంలో, ఎక్కువగా అక్కడివారే నటించిన 'కేరాఫ్ కంచరపాలెం' (2018) చూపవచ్చు. ముందు మీరొకసారి చూచి నిర్ణయించుకోండి.

అమ్మమ్మ ఇంట్లో ఉంటే ఆమెను తప్పక కూర్చోబెట్టండి. తెలియని మాట వచ్చినప్పుడు పిల్లవాడు ఫోనులో కాక ఆమెను అడగాలి. మరునాడు ఆ మాటలలో ఐదింటిని పిల్లవాడే తెలుగు లిపిలో వ్రాసి బడికి తేవాలి. తప్పులున్నా సరే, మీరు దిద్ది పంపకండి. దిద్దే పని మాకు వదలండి.