అద్దెకిచ్చాక చెప్పి రావాలి



ఇల్లు అద్దెకిచ్చాక ఓనరైనా సరే, చెప్పి, తలుపు తట్టి లోపలికి రావాలి. హైదరాబాద్‌లో ఈ మాటంటే చాలామందికి కోపం వస్తుంది. ‘మా ఇంట్లోకి మేం రావడానికి మీ అనుమతేంటి?’ అంటారు.

మేముండే వాటాకు రెండో తాళంచెవి ఓనరు గారి దగ్గరే ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి వంటింట్లో సింకు కింది సామానంతా బయటికి తీసి ఉంది. అడిగితే, ‘పైపు కారుతోందేమోనని చూశానమ్మా’ అన్నారు. ఒక్క ఫోను చేస్తే చూసుకోమని మేమే చెప్పేవాళ్లం కదా! ఖాళీ చేస్తామని చెప్పాక పరిస్థితి మరీ అన్యాయం. గేటుకు టు-లెట్ బోర్డు వేలాడదీసింది మొదలు వేళాపాళా లేకుండా కొత్తవాళ్లను తీసుకొచ్చి పడగ్గది దాకా తిప్పుతారు. నైట్ షిఫ్టు చేసి పగలు నిద్రపోయే ఆడపిల్లలు ఈ రాకపోకలతో ఎంత ఇబ్బంది పడతారో ఎవరూ ఆలోచించరు.

అద్దె కడుతూ షరతులు పాటించేవారు ఆటంకం లేకుండా ఇంట్లో ఉండవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే 108వ సెక్షన్‌లో చెప్పింది. ఇంటి స్థితి చూసుకునే వీలు యజమానికీ ఇచ్చింది, కానీ సమంజసమైన వేళల్లోనే. ఏది సమంజసమో చెప్పలేదు, తగవంతా అక్కడే. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఆ లోటు తీర్చింది. మరమ్మతుకో తనిఖీకో రావాలంటే కారణం, రోజు, వేళ తెలుపుతూ 24 గంటల ముందు నోటీసివ్వాలి. ఫోనులో మెసేజ్ పెట్టినా చాలు. మంటలు, వరదల్లాంటి ఆపద వస్తే నోటీసు అక్కర్లేదు. ఇల్లు పాడుచేస్తున్నారేమోనన్న ఓనర్ల భయం నాకు అర్థమవుతుంది. ఒకరోజు ముందు చెప్పి వచ్చినా గోడ పగులు కనిపిస్తుంది, నీటి చెమ్మా కనిపిస్తుంది.

అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు చట్టం చేస్తేనే అమలవుతుంది. ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త అద్దె చట్టం చేసుకుంది. తెలంగాణలో మాత్రం ప్రధానంగా అద్దె పెంపు, ఖాళీ చేయించడం గురించి చెప్పే 1960 నాటి చట్టమే నడుస్తోంది. ప్రభుత్వం 24 గంటల నోటీసు నిబంధనతో కొత్త చట్టం తేవాలి. అప్పటిదాకా, పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకునేవాళ్లు అడ్వాన్సు చేతిలో పెట్టకముందే ఈ షరతును అందులో రాయించుకోవాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి