కంపెనీల వేగు, కావలివాని మాట

రాజులు చారచక్షువులని మన పెద్దలు చెప్పుచుండిరి. నేడు రాజులు లేరు. ఆ కన్నులు కంపెనీలకు మొలిచినవి. తమ యధిపతులకును, ఉద్యోగులకును, ఆవరణములకును ఎవరివలన నెట్టి కీడు రాగలదో ముందుగా పసిగట్టుటకై పెద్ద సంస్థలు ప్రత్యేక శాఖలను పెట్టుకొనుచున్నవి. ప్రొటెక్టివ్ ఇంటెలిజెన్సు అనియు, త్రెట్ అసెస్‌మెంటు అనియు వీనికి ఆంగ్లేయ నామములు. ముప్పు పరిశీలన యని మనము పిలుచుకొందము. ఎవడు బెదిరింపు జాబు వ్రాసెను, ఎవడు ఆవరణము చుట్టును తారాడుచున్నాడు, పనినుండి తొలగింపబడిన యే యుద్యోగి కోపముతో నున్నాడు, ఫేస్‌బుక్కులో నెవడేమి యనుచున్నాడు—ఇవి యన్నియు కూర్చి, తూచి, ఎవరి విషయమున జాగ్రత్త పడవలయునో తేల్చుట యీ శాఖవారి పని.

ఈ పని వలదని మేమనము. 2024 డిసెంబరు 4వ తేదీని న్యూయార్కు నగరమున నొక ఆరోగ్య బీమా కంపెనీ యధిపతి, బ్రయన్ థాంప్సన్ అను నతడు, హోటలు వాకిట కాల్చి చంపబడెను. అప్పుడతని వెంట నంగరక్షకుడు లేడు. ఆ దినము మొదలు ప్రపంచమందలి కంపెనీలకు నిదుర పట్టుట లేదు. భయము న్యాయమైనదే. ఆ భయము దేనిని కొనుచున్నదన్నదే ప్రశ్న.

ఈ శాస్త్రమునందు మొదటి పాఠ మొకటి కలదు: బెదిరించువాడు వేఱు, ముప్పు తెచ్చువాడు వేఱు. అమెరికా సీక్రెట్ సర్వీసువారు 1949 మొదలు 1996 వఱకు ప్రముఖులపై దాడి చేసినట్టియు, దాడికై దగ్గఱకు చేరినట్టియు 83 మంది చరిత్రలను శోధించిరి. వారిలో తాము గుఱిపెట్టిన మనుష్యునకు గాని పోలీసులకు గాని ముందుగా బెదిరింపు తెలిపినవారు పదింట నొకవంతునకు లోపలనే. అయినను వారు మౌనులు కారు. పలువురు తమ గోడును చుట్టుపట్ల వారితో చెప్పుకొనిరి, దినచర్యలో వ్రాసికొనిరి, చోటును చూచిపోయిరి. మొఱిగెడి కుక్క కఱవదను సామెతను నమ్మి కన్ను మూయరాదు గాని, మొఱుగుడు నొక్కదానినే లెక్కించువాడు అసలు దానిని కానడు.

ఇందులకు సికిందరాబాదు నందే సాక్ష్యము కలదు. 2022 జూన్ 14న అగ్నిపథ పథకము ప్రకటింపబడెను. 16న బీహారులో రైలుపెట్టెలు తగులబడెను. 17వ తేదీ ఉదయమున మన స్టేషనులోనికి వేలకొలది యువకులు చొచ్చి పెట్టెలకు నిప్పు పెట్టిరి, కాల్పులు జరిగెను, వరంగల్లు ప్రాంతపు యువకుడొకడు మరణించెను, పదిమందికి పైగా గాయపడిరి. వారు ఆకాశమునుండి ఊడిపడినవారు కారు. దేహదార్ఢ్య పరీక్షయు, వైద్య పరీక్షయు నెగ్గి, వాయిదాపై వాయిదా పడుచున్న వ్రాతపరీక్షకై నెలల తరబడి కాచియుండినవారు అందు కలరు. వాట్సాపు గుంపులలో పిలుపులు నడచినవని పోలీసులే తరువాత చెప్పిరి. బీహారు మంటలు ప్రతి యింట టెలివిజనులో కనబడెను. ఆ గోడు సంవత్సరమునుండి బహిరంగమే. కావలసినది రహస్య వేగు కాదు. తెఱచియున్న దానిని చదువుట. దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయ మున్న యూరిలోనే అది జరుగలేదు.

రైల్వే ప్రభుత్వ సంస్థ గదా, కంపెనీలకు దీనితో నేమి పనియని యందురేమో. గోడు పెట్టుకొనివచ్చు మనుష్యుడు, వాకిట నిలిచిన కావలివాడు, లోపల కూర్చున్న యధికారి—ఈ మువ్వురు ప్రతిచోట నుందురు. 2019 నవంబరు 4న హైదరాబాదు శివారునందలి అబ్దుల్లాపురమెట్టులో, భూవివాదము గల యొక రైతు తహశీల్దారు విజయారెడ్డి గదిలో ప్రవేశించి పెట్రోలు పోసి నిప్పంటించెను. ఆమెయు, ఆమెను కాపాడబోయిన డ్రైవరును, తుదకు ఆ రైతును మరణించిరి. ఆ ఘోరమునకు సమర్థన లేదు. తరువాత జరిగినదానిని మాత్రము గమనింపుడు: కర్నూలు జిల్లా పత్తికొండలో అర్జీదారులకును అధికారికిని నడుమ కార్యాలయమున త్రాడు కట్టిరని పత్రికలలో పడెను. భయపడినవాడు మొదట చేయు పని యదియే. త్రాడు పెట్రోలు సీసాను ఆపదు. అర్జీని మాత్రము ఆపును.

మన చట్టములును త్రాళ్ళవైపే మొగ్గినవి. నూఱుగురు కూడు ప్రతి సంస్థయందును కెమెరా లుంచవలయుననియు, చిత్రములను 30 దినములు దాచవలయుననియు 2013 నాటి ప్రజాభద్రతా చట్టము విధించెను. మంచిదే. జరిగినదానిని చూపుటకు కెమెరా సమర్థము. జరుగబోవుదానిని చెప్పగలవాడు వాకిటివాడు. మూడు దినములుగా నొకడే మనుష్యుడు ఎదుటి టీకొట్టు వద్ద నిలుచుట యతడు చూచును. తొలగింపబడిన గుమాస్తా కండ్లనీళ్ళతో పోయెనో, పండ్లు కొఱుకుచు పోయెనో యతడెఱుగును. అతనికి పండ్రెండు గంటల కొలువు, ఏజెంటు కోతపోగా మిగిలిన జీతము, మాటిమాటికి స్థలము మార్పు. అతని మాట వ్రాసికొను పుస్తక మున్నదా? ఉన్నను పైవారెవరైన చదువుదురా? లక్షలు పోసి తెరలు కొన్న గదిలో కూర్చున్నవాడు, నెలకు కొన్నివేలకు నిలుచున్నవానిని ఒక్కమాట యడుగడు. మనదేశపు కులదృష్టి ఇందును దూరినదని మా యనుమానము.

ఇక రెండవ ప్రమాదము. చెవి యొగ్గుట వేఱు, చెవి నాటుట వేఱు. కోపముతో నున్న ఉద్యోగిని కనిపెట్టు శాఖ, సంఘము పెట్టదలచిన ఉద్యోగిని కనిపెట్టుటకు ఎంత సేపు? 1892లో అమెరికా హోమ్‌స్టెడ్ సమ్మెకు పింకర్టను కంపెనీ మనుష్యులు 300 మంది తుపాకులతో దిగి రక్తపాతమైనపుడు, మఱుసటి యేడే ఆ కంపెనీవారిని ప్రభుత్వము కొలువునకు కుదుర్చుకొనరాదని శాసనము చేసిరి. 2020లో జర్మనీదేశపు హాంబుర్గు అధికారులు హెచ్ అండ్ ఎమ్ అను వస్త్రవ్యాపార సంస్థకు 3 కోట్ల 53 లక్షల యూరోల జరిమానా వేసిరి. ఉద్యోగుల వ్యాధులు, ఇంటి తగవులు, మతవిశ్వాసములు పైయధికారులు వ్రాసి దాచుకొనుటయే నేరము. మనకో? 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 7వ విభాగమున, యజమానిని నష్టమునుండి కాపాడుటకై ఉద్యోగుల సమాచారమును వారి సమ్మతి లేకయే వాడవచ్చునని యున్నది. నష్టమను మాటలో పట్టనిదేమి? ప్రయివేటు డిటెక్టివులను అదుపు చేయుటకు 2007లో రాజ్యసభకు వచ్చిన బిల్లు చట్టము కాలేదు. 2005 నాటి ప్రయివేటు భద్రతా ఏజెన్సీల చట్టము కావలివారిని సరఫరా చేయు ఏజెన్సీలకే లైసెన్సు విధించినది గాని, కంపెనీ సొంత యుద్యోగులతో నడుపుకొను వేగుశాఖను ముట్టలేదు.

అదుపులేని రక్షణ యెట్టిదో సికిందరాబాదువారికి పరులు చెప్పనక్కఱలేదు. ఈ యూరు పుట్టినదే కొనుగోలు రక్షణమునుండి. 1798లో నిజాం అలీఖాన్ 6,000 మంది సిపాయిలకై సాలీనా 24 లక్షల రూపాయలకు పైగా ఈస్టిండియా కంపెనీకి చెల్లింప నొడంబడెను. ఆ సైన్యము దిగిన దండుకే 1806లో సికందర్ జా పేరు పెట్టిరి. రెండేండ్లు దాటగనే, 1800లో, ఆ వెచ్చమునకై బళ్ళారి, కడప మొదలగు దత్తమండలములు కంపెనీ పాలాయెను. కాపుండ వచ్చినది కంపెనీ. కాపు పెట్టుకొన్నవాడు సామంతుడు.

దీనికి ప్రతిగా మఱొక పద్ధతియు మన యెదుట నున్నది. 2008 బొంబాయి దాడుల తరువాత 2009లో చట్టమును సవరించి, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమును ప్రయివేటు సంస్థలకును ఒసగుటకు వీలు కల్పించిరి. 2021 జూన్‌లో శామీర్‌పేట వద్దనున్న భారత్ బయోటెక్ టీకా కర్మాగారమునకు 64 మంది అట్లు వచ్చిరి. వెచ్చము కంపెనీది, ఆజ్ఞ ప్రభుత్వముది, తప్పు జరిగినచో ప్రశ్నించుటకు పార్లమెంటు కలదు. ప్రతి కార్యాలయమునకు దళము నంపుట యసాధ్యము. సూత్రమును మాత్రము గ్రహింపవచ్చును: రక్షకునకు కూలి యిచ్చువాడే అతనికి న్యాయాధిపతి కారాదు.

తెలంగాణ ప్రభుత్వము నేడే చేయదగిన పని యొకటి కలదు. ఏజెన్సీ లైసెన్సు 5 ఏండ్లకొకమారు పునరుద్ధరింపబడవలయును. ఆ దరఖాస్తునందు మూడు ప్రశ్నలు చేర్పవలయును. కావలివాడు చూచినది వ్రాయు పుస్తక మున్నదా, దానిని ఎవరు చదివిరి? మనుష్యులనుగూర్చి సేకరించిన సమాచారము నెన్నాళ్ళు దాచి, ఎప్పుడు చెఱిపితిరి? ముప్పుగలవాడని యొకనిపై ముద్రవేసినపుడు, అతని గోడు వినుటకు కార్మికుల ప్రతినిధి నొకని కూర్చుండబెట్టితిరా? కంపెనీల సొంత వేగుశాఖలకు వేఱు చట్టము కావలయును. అది ఢిల్లీ పని, దానికై పోరాడవలసినదే. ఈ మూడు ప్రశ్నలకు రాష్ట్రపు నిబంధనల సవరణ చాలును.