పేదవాడి పడవ... రాజుల పందెం!

పేరు డ్రాగన్. నిప్పులేమీ కక్కదు. నీళ్లమీద మూడు చాపలెత్తుకుని వయ్యారంగా వెళుతుందంతే. తొమ్మిది మీటర్లకు కాస్త తక్కువ పొడవు, రెండు మీటర్లలోపు వెడల్పు... ఆ సన్నటి ఒళ్లు చూస్తేనే తెలిసిపోతుంది, పందేనికే పుట్టిందని!

నిజానికి పుట్టింది అందుకు కాదు. కుర్రాళ్లు తక్కువ ఖర్చుతో కొనుక్కుని, సెలవురోజుల్లో సముద్రం మీద తిరిగి, రాత్రికి అందులోనే పడుకునేలా ఓ పడవ కావాలనుకుంది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ రాయల్ యాట్ క్లబ్. పోటీ పెట్టింది. 1929లో నార్వేవాసి యోహాన్ ఆంకర్ గీసిన నమూనా నచ్చింది. రెండు పడకలున్న బుల్లి గది కూడా ఉందందులో. ఆంకర్ సామాన్యుడు కాదు. అంతకు ముందు ఏడాదే తమ దేశ యువరాజు ఓలావ్‌తో కలిసి ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు.

ఇలాంటివాటిని 'వన్ డిజైన్' పడవలంటారు. అన్నీ ఒకే అచ్చు. డబ్బున్నవాడు పెద్ద చాప కట్టుకుంటానంటే కుదరదు! పెద్ద చాప 16 చదరపు మీటర్లు, ముందున్న జెనోవా 11.7. గాలి వెనకనుంచి వీచినప్పుడు బుడగలా ఉబ్బే స్పిన్నకర్ 23.6. అడుగున బరువైన ఇనుప కీల్ ఉంటుంది, గాలి తోసినా పడవ పల్టీకొట్టకుండా. ఇక మిగిలేది మనిషి నేర్పే.

గాలి ఎదురొస్తే? అదే అసలు పరీక్ష. తిన్నగా వెళ్లలేరు కాబట్టి అటోసారి ఇటోసారి మెలికలు తిరుగుతూ ముందుకు సాగాలి. అప్పుడు చాప పనిచేసేది విమానం రెక్కలా. అందుకే చాప వంపు మీదే అందరి కళ్లూ. గాలి తక్కువుంటే కాస్త ఉబ్బుగా ఉండాలి. జోరుగా ఉంటే పలచగా, బల్లపరుపుగా. వెనక తాడు లాగితే స్తంభం విల్లులా వంగుతుంది, దాంతో చాప ఉబ్బు తగ్గుతుంది. తాడు ఎంత లాగాలన్న లెక్క తప్పితే, ఆ పూటకి వెనకబడ్డట్టే!

1948లో డ్రాగన్ ఒలింపిక్స్‌కి ఎక్కింది. అది చూడ్డానికి ఆంకర్ లేడు, 1940లోనే పోయాడు. బ్రిటన్ రాణి ఎలిజబెత్, ఫిలిప్‌ల పెళ్లికి 1947లో కానుకగా వచ్చిన 'బ్లూబాటిల్' కూడా డ్రాగనే. 1956 ఒలింపిక్స్‌లో అది కాంస్యం తెచ్చింది. 1960లో నేపుల్స్ తీరాన ఇరవయ్యేళ్ల గ్రీసు యువరాజు కాన్‌స్టాంటిన్ స్వర్ణం గెలిచాడు. 48 ఏళ్ల తరవాత ఆ దేశానికి దక్కిన తొలి బంగారు పతకమది! కుర్రాళ్ల కోసం చవగ్గా చేద్దామన్న పడవ, చూస్తుండగానే రాజుల చేతికెళ్లింది.

1972తో ఒలింపిక్స్ ముచ్చట తీరిపోయింది. చెక్క పడవ... ఏటా రంగులు, మరమ్మతులు. ఫైబర్‌గ్లాస్‌తో తయారయ్యే సోలింగ్ పడవ అప్పటికే పోటీకి వచ్చేసింది. దాన్ని గీసిందీ నార్వేవాడే, యాన్ లింగె. ఇక డ్రాగన్ పని అయిపోయిందనుకునే పరిస్థితి.

అప్పుడే, 1973లో, ఫైబర్‌గ్లాస్ డ్రాగన్లకూ అనుమతి దొరికింది. చెక్క పడవలకు అన్యాయం జరగకుండా రూపం, బరువు మార్చలేదు. దాంతో పాతవాటిని మూలన పడేయాల్సిన అవసరం రాలేదు. 1937లో మొదలైన గోల్డ్‌కప్ పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి.

ముందువైపు ఆ చిన్న గది గుర్తులు నేటికీ ఉన్నాయి. పడకలే లేవు. అక్కడిప్పుడు తాళ్లు, తడిసిన చాపలు!