బిల్లు ఇవ్వనివాడే బిల్లు అడుగుతాడు

మా అమ్మ సంతలో 450 రూపాయలు పెట్టి ఛార్జింగ్ టార్చి కొంది. మూడో రాత్రికే అది ఆరిపోయింది. మరుసటి సంతకు తీసుకెళ్తే సావుకారు అడిగిన మొదటి మాట: "బిల్లేదే, ముసలీ?" తను ఇవ్వని కాగితాన్ని ఆమె ఎక్కడ నుంచి తేవాలి? టార్చిని కొంగులో చుట్టుకొని వచ్చేసింది.

అదే సావుకారు దగ్గర అప్పుల పుస్తకం ఉంది. మనం పడ్డ బాకీ ప్రతి రూపాయీ తేదీతో సహా అందులో ఉంటుంది. మనం చెల్లించిన డబ్బుకు మాత్రం చీటీ ముక్క ఉండదు. రాయడం రాక కాదు కదా!

పైగా "అడవోళ్లకు వాడటం తెలీదు" అంటాడు. ఒకే గొడ్డలితో నలభై ఏళ్లు బతికిన మనిషికి వస్తువు వాడటం తెలీదట.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకు వెనక్కి తీసుకొని డబ్బు ఇవ్వకపోవడమూ అంతే. బిల్లులో గడువు రాసి లేకపోతే 30 రోజుల వరకు ఆ బాధ్యత అతనిదే. తప్పు అతనిది, తల దించుకున్నది మా అమ్మ.

1915కు ఫోన్ చేయొచ్చు. 5 లక్షల లోపు సరుకైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. కానీ 450 కోసం కూలి పోగొట్టుకొని, రెండు బస్సులు మారి ఎవరు వెళ్తారు? సావుకారు ధీమా అదే.

మాస్టార్లూ, ఉత్తరం రాసే పాఠంలో ఎప్పుడూ సెలవు చీటీయేనా? ఈసారి ఈ ఫిర్యాదు రాయించండి. అమ్మ టార్చి కొన్నప్పుడు పక్కనున్న ఇద్దరు మా ఊరివాళ్లే. వచ్చే సంతకు వాళ్లతో కలిపి పదిమందిమి వెళ్తున్నాం. అప్పటికి అది కొని పద్నాలుగు రోజులే.