ఫోన్లో చేరినవాళ్లూ సంఘమే

"మందిరం తలుపులు తెరిచే ఉన్నాయి కదా, ఇంకా ఈ జూమ్ దేనికి? భక్తి ఉన్నవాళ్లు వస్తారు." 2020 లాక్‌డౌన్‌లో ఫోన్ల మీదే బైబిల్ స్టడీ నడుపుకున్న మన తెలుగు సంఘాల్లో ఇప్పుడు తరచూ వినిపించే మాట ఇది. దీనికి హెబ్రీ పత్రిక 10:25ను అండగా చూపిస్తారు. కూడుకోవడం మానవద్దని ఆ వచనం అంటున్న మాట నిజం. కానీ అదే చోట ప్రేమకు, మంచి పనులకు ఒకరినొకరు పురికొల్పమనీ ఉంది. రాలేనివాళ్లను వదిలేయడానికి ఆ వాక్యాన్ని వాడటం అన్యాయం.

ఎవరు వాళ్లు? కోనసీమ నుంచి, రాజంపేట వైపు నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు. అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. అదీ యజమాని వదిలితేనే. మనకు రాత్రి తొమ్మిదిన్నరైతే వాళ్లకు ఏడు. వంటగది పక్క గదిలో కూర్చుని ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారు. ఇక్కడేమో నైట్ డ్యూటీ నర్సులు, పక్షవాతం వచ్చిన భర్తను వదిలి గడప దాటలేని ఇల్లాళ్లు, మంచం పట్టిన ముసలివాళ్లు. వీళ్లకు భక్తి తక్కువని ఏ నోటితో అంటాం?

తరగతి మనుషుల తీరికను వెతుక్కుంటూ వెళ్లడం సంఘానికి కొత్త కాదు. 1780 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు నడిపింది, వారమంతా పనిలో నలిగే పిల్లలకు ఆదివారమొక్కటే ఖాళీ కాబట్టి. మన దోర్నకల్‌లో, బిషప్ అజరయ్య కాలంలో, పల్లె ఉపదేశకులు కూలివాళ్లు పొలాల నుంచి తిరిగొచ్చాక రాత్రిపూట కూర్చోబెట్టి, అక్షరం రానివాళ్లకు పాటలతో, వల్లెవేయించి వాక్యం నేర్పారు. పగలు రాలేదేమని వాళ్లను నిలదీయలేదు.

ఊళ్లోనే ఉండి, ఒంట్లో బాగుండి, ఫోను మ్యూట్‌లో పెట్టి కూర తాలింపు వేసుకునేవాళ్లూ ఉన్నారు. ఫోనుంటే అందరూ ఇలాగే ఇంట్లో ఉండిపోతారన్న సంఘ పెద్దల భయం అక్కడ పుట్టింది. దానికి మందు పాస్టర్ గారు ఆ ఇంటికెళ్లి పలకరించడం. వాళ్ల బద్ధకానికి కువైట్‌లో ఉన్నామెను శిక్షించకూడదు.

మరికొందరు మధ్యేమార్గమంటూ బోధకుడి ముందు స్టాండుకు ఫోను తగిలించి, హాలు తరగతి, ఫోను తరగతి రెండూ ఒకేసారి కానిస్తున్నారు. నా మట్టుకు ఇదింకా చెడ్డది. హాల్లో అడిగిన ప్రశ్న ఫోన్లో వినపడదు, ఫోన్లోవాళ్లను ప్రశ్న ఉందా అని అడిగేవారుండరు. హాల్లో ఎదురుగా కూర్చున్నవాళ్లకూ బోధకుడు సగమే దక్కుతాడు.

కాబట్టి విడదీయాలి. పిల్లల సండే స్కూలు, వెకేషన్ బైబిల్ స్కూల్ (వి.బి.ఎస్.), కన్ఫర్మేషన్ క్లాసులు మందిరంలోనే జరగాలి. పిల్లాడికి పక్కన ఇంకో పిల్లాడు కావాలి, తప్పు చదివితే సరిచేసే టీచరమ్మ ఎదురుగా కావాలి. ప్రభువు బల్ల సంగతి ఇక్కడ ఎత్తడం లేదు, నా వాదన తరగతుల గురించే. పెద్దల బైబిల్ స్టడీకి మాత్రం వారంలో ఒక రాత్రి విడిగా ఫోన్ తరగతి ఉండాలి. దానికి సొంత బోధకుడుండాలి. పదిపదిహేను మందికి మించకుండా, ఒక్కొక్కరి చేతా ఒక్కో వచనం చదివించి, పేరు పెట్టి పిలిచి అర్థమైందా అని అడగాలి.

ఆ తరగతి ఆపేద్దామని కమిటీలో ప్రతిపాదించే పెద్దలు ముందు అందులో చేరేవాళ్ల పేర్ల పట్టిక పైకి చదవాలి. ఒక్కో పేరు దగ్గర ఆగి, ఇకమీదట ఈమెకు వాక్యం నేర్పేదెవరో చెప్పాలి.