డబ్బు ఉందో లేదో అడగని ఫైనాన్స్ చదువు

ఎం.బి.ఎ. ఫైనాన్స్ సిలబస్ మార్చాలన్న చర్చ ఎప్పుడు లేచినా అదే పాట. సిద్ధాంతం ఎక్కువైపోయింది, తగ్గించండి; ఫిన్‌టెక్ పెట్టండి, బ్లాక్‌చెయిన్ పెట్టండి, పైథాన్ నేర్పండి, ఉద్యోగాలు వాటికే ఉన్నాయి. కత్తెర ముందుగా పడేది రెండో ఏడాది చెప్పే అడ్వాన్స్‌డ్ కార్పొరేట్ ఫైనాన్స్ మీదే. మోడిగ్లియానీ, మిల్లర్‌ల సూత్రం ఈ రోజుల్లో ఎవరికి కావాలని అడిగేవాళ్లు కమిటీల్లోనే కూర్చుని ఉంటారు. ఈ వాదన తప్పు. ఆ కోర్సులో సిద్ధాంతం ఎక్కువ కాలేదు. కంపెనీ చూపించిన అంకెను ముందే నమ్మేసి, ఆ తర్వాత పాఠం మొదలుపెట్టడమే దాని అసలు లోపం.

ఆ లోపం ఖరీదెంతో మనకు తెలిసింది హైదరాబాద్ నుంచే. 2008 సెప్టెంబరు 30 నాటికి సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు లేనే లేవని 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మనే లేఖ రాశారు. అంటే చూపించిన ప్రతి వంద రూపాయల్లో 94 రూపాయలు లేవు. సత్యం కథ తెలియని తెలుగువాడు లేడు. కానీ ఆ ఒక్క అంకెను ఫైనాన్స్ పాఠంగా చదివే అలవాటు మనకు రాలేదు. దాన్ని నీతిబోధ కింద లెక్కగట్టి, గవర్నెన్స్ పేపర్‌లో ఒక మూలకు నెట్టి, చేతులు దులుపుకున్నాం.

వాల్యుయేషన్ తరగతిలో జరిగేది చూడండి. రాబోయే ఏళ్ల నగదు ప్రవాహాలను అంచనా వేస్తారు. బీటా కడతారు. డిస్కౌంట్ రేటు 11 శాతం ఉండాలా, 12 శాతం ఉండాలా అని గంటసేపు వాదించుకుంటారు. చివర్లో అప్పు తీసేసి, కంపెనీ దగ్గరున్న నగదును బ్యాలెన్స్ షీట్ నుంచి ఉన్నదున్నట్టుగా తెచ్చి కలిపేస్తారు. నగదే కదా, దానికి అంచనా దేనికి అనుకుంటారు. మొత్తం లెక్కలో ఎవరూ వేలెత్తి చూపని అంకె అదొక్కటే. సత్యంలో అన్నిటికంటే పెద్ద అబద్ధం సరిగ్గా అక్కడే కూర్చుంది. నూటికి 94 లేని చోట, డిస్కౌంట్ రేటులో ఒక శాతం కోసం చేసే తగాదాకు విలువేమిటి?

సిద్ధాంతం దండగ అనేవాళ్లు ఇక్కడే జవాబు చెప్పాలి. మిగులు నగదు చేతిలో ఉంచుకున్న యాజమాన్యం దాన్ని వాటాదారులకు ఎందుకు పంచడం లేదని అడగమన్నది 1986 నాటి మైఖేల్ జెన్సెన్ వ్యాసం. ఆ ఒక్క ప్రశ్నను సత్యం మీద పెట్టి చూడండి. వేల కోట్లు బ్యాంకులో ఊరికే పడి ఉంటే భారీ డివిడెండ్ ఎందుకు ఇవ్వలేదు? షేర్లు ఎందుకు తిరిగి కొనలేదు? లేని డబ్బును ఎవరూ పంచలేరు గనుక. అదే లేఖ ప్రకారం, రావాల్సిన వడ్డీగా చూపిన 376 కోట్లు కూడా బూటకమే. చూపించిన నిల్వలో అది 7 శాతం. డిపాజిట్లు నిజమైతే అంత వడ్డీ ఇంకా చేతికి రాకుండా ఎందుకు ఆగిందని అడగడానికి పైథాన్ అక్కర్లేదు, కూడికలు, భాగహారాలు చాలు. మోడిగ్లియానీ, మిల్లర్‌ల సూత్రం కూడా షరతుల మీద నిలబడిందే. పన్ను లేకపోతే, దివాలా ఖర్చు లేకపోతే, లోపలివాళ్లకు తెలిసిందంతా బయటివాళ్లకూ తెలిస్తే అప్పు, వాటాల నిష్పత్తి విలువను మార్చదంటుంది. మన కంపెనీల్లో ఆ షరతుల్లో ఏది, ఎక్కడ తెగిపోయిందో వెతకడమే పై స్థాయి చదువు. దాన్ని కత్తిరిస్తామనడం వెతికే పనిముట్టును పారేయడమే.

విలీనాల అధ్యాయానిదీ ఇదే పరిస్థితి. కలిసి పనిచేస్తే వచ్చే లాభం, పన్ను ఆదా, మార్కెట్ వాటా అంటూ కారణాల జాబితా బట్టీ పట్టిస్తారు. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు 160 కోట్ల డాలర్లతో ఛైర్మన్ కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను కొనడానికి ఒప్పుకుంది. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు నింపడానికి చేసిన ఆఖరి ప్రయత్నం అదేనని ఛైర్మన్ లేఖలోనే ఉంది. లేని నగదుతో ఉన్న ఆస్తిని కొన్నట్టు చూపిస్తే పుస్తకాల్లో బొక్క పూడిపోతుంది. ఇంతకంటే గొప్ప కేస్ స్టడీ ప్రపంచంలో ఎక్కడ దొరుకుతుంది? మన విద్యార్థి మాత్రం అమెరికా కంపెనీల విలీనాలు చదివి పరీక్ష రాసి వెళ్లిపోతాడు.

ఇది ఒక్క సత్యం కథేనని సర్దిచెప్పుకోవడానికి వీల్లేదు. 2003లో ఇటలీ డెయిరీ సంస్థ పార్మలాట్, ఒక బ్యాంకులో తనకు ఉన్నాయని చూపిన దాదాపు 395 కోట్ల యూరోలు లేవని ఆ బ్యాంకే చెప్పింది. 2020లో జర్మనీకి చెందిన వైర్‌కార్డ్ 190 కోట్ల యూరోలు కనిపించడం లేదని ఒప్పుకుని కుప్పకూలింది. మూడు దేశాలు, మూడు వ్యాపారాలు, ఒకే అబద్ధం. బ్యాంకులో నగదు ఉందన్న అబద్ధం. వైర్‌కార్డ్ ఫిన్‌టెక్ కంపెనీ అన్న సంగతిని ఫిన్‌టెక్ ఎలెక్టివ్‌ల ప్రేమికులు గుర్తుపెట్టుకుంటే మంచిది.

మన కంపెనీల స్వభావాన్ని కూడా ఈ కోర్సు పట్టించుకోదు. వాటాలు లక్షలమంది చేతుల్లో చెల్లాచెదురుగా ఉంటాయి, తగాదా మేనేజర్‌కూ వాటాదారుకూ మధ్య అన్నది అమెరికా నమూనా. ఇక్కడ తగాదా ప్రమోటర్‌కూ చిన్న వాటాదారుకూ మధ్య. భారతీయ వ్యాపార సమూహాల మీద బెర్ట్రాండ్, మెహతా, ముల్లైనాథన్ 2002లో ప్రచురించిన అధ్యయనం, ప్రమోటర్ వాటా తక్కువున్న కంపెనీల నుంచి ఎక్కువున్న కంపెనీలకు లాభాలు మళ్లుతున్న జాడను పట్టుకుంది. ప్రమోటర్లు తమ షేర్లను ఎంత తాకట్టు పెట్టారో వెల్లడించాలని సెబీ 2009లో నిబంధన తెచ్చిందే సత్యం దెబ్బకు. ఆ వివరాలు ఎక్స్ఛేంజీల దగ్గర ఉచితంగా దొరుకుతాయి. దివాలా స్మృతి కింద దేశంలో ఆమోదం పొందిన మొదటి పరిష్కార ప్రణాళిక విశాఖపట్నం కంపెనీ సినర్జీస్ డూరేది. 2017 ఆగస్టులో దాన్ని ఆమోదించింది జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) హైదరాబాద్ బెంచ్. హైదరాబాద్ కంపెనీ లాంకో ఇన్‌ఫ్రాటెక్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. విశాఖలో చదివే విద్యార్థి ఊళ్లోని దివాలా వదిలేసి అమెరికా చాప్టర్ 11 నేర్చుకోవడం ఏ రకం ఉన్నత విద్య?

ఫిన్‌టెక్ వద్దనడం లేదు. కోడింగ్ వస్తే మంచిదే. అన్ని కంపెనీలూ సత్యం కావన్నదీ నిజమే. నిల్వలు ఉన్నాయో లేదో చూడటం ఆడిటర్ల పని, మాది కాదని ఫైనాన్స్ అధ్యాపకులు అంటారు. కానీ సత్యం లెక్కల మీద అంతర్జాతీయ పేరున్న ఆడిట్ సంస్థ ఏళ్ల తరబడి సంతకాలు చేసింది. కార్పొరేట్ గవర్నెన్స్‌కు ఆ కంపెనీకి 2008లోనే గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. మేటాస్ కొనుగోలుకు తలూపిన బోర్డులో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు ఉన్నారు, ఐ.ఎస్.బి. డీన్ ఉన్నారు. ఇంతమంది ఉన్నా నూటికి 94 రూపాయలు లేవు. అడగడం ఇంకొకరి పని అని ప్రతి ఒక్కరూ అనుకోవడం వల్లనే అది సాధ్యమైంది. ఆ మాటనే మళ్లీ తరగతిలో పాఠంగా చెబుతామంటే ఎలా ఒప్పుకోవాలి?

చేయాల్సింది కష్టమేమీ కాదు. ప్రతి వాల్యుయేషన్ అభ్యాసంలో నగదును కూడా అంచనా వేయాల్సిన అంకెగా పెట్టండి. చేతికొచ్చిన వడ్డీకీ, చూపించిన నిల్వకూ పొంతన ఉందో లేదో రాయకుండా ఇచ్చిన జవాబుకు సున్నా వేయండి. సంబంధిత పక్షాల లావాదేవీలు, ప్రమోటర్ తాకట్టు వివరాలు చదవకుండా ఏ కంపెనీ విలువా కట్టనివ్వకండి. ఎన్‌సీఎల్‌టీ ఉత్తర్వులను పాఠ్యాంశం చేయండి. వీటిలో దేనికీ కొత్త ల్యాబ్ అవసరం లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ అవసరం లేదు.

2018లో మౌలిక వసతుల ఫైనాన్స్ సమూహం ఐ.ఎల్. అండ్ ఎఫ్.ఎస్. సుమారు 91,000 కోట్ల అప్పుతో కూలిపోయింది. కొద్ది వారాల ముందు వరకు దానికి అత్యున్నత రేటింగ్ ఉంది. ఉద్యోగుల భవిష్యనిధి డబ్బు ఆ బాండ్లలో ఉంది. సత్యం తర్వాత మేటాస్ ఇన్‌ఫ్రాను చేతిలోకి తీసుకున్న సమూహం కూడా అదే. తొమ్మిదేళ్లు గడిచినా రేటింగ్ ఇచ్చినవాళ్లూ, బాండ్లు కొన్నవాళ్లూ చూపించిన అంకెనే నమ్మారు. వాళ్లంతా చదువుకున్నవాళ్లే, ఫైనాన్స్ చదువుకున్నవాళ్లే. అంకెను నమ్మడం తప్ప నిలదీయడం రాని పట్టభద్రులను ఏటా బ్యాంకుల క్రెడిట్ విభాగాలకు పంపుతూ, దాన్ని నైపుణ్యాభివృద్ధి అని పిలుచుకోవడం డిపాజిటర్లకు చేస్తున్న ద్రోహం. సిలబస్ కమిటీల్లో కూర్చున్న పెద్దలు సిద్ధాంతాన్ని కత్తిరించి, కోర్సు పేరు మార్చి, ఇదే సంస్కరణ అంటే ఊరుకోకూడదు. రేపు ఇంకో బ్యాలెన్స్ షీట్‌లో ఇంకో 94 రూపాయలు మాయమైతే, ఆడిటర్లతో పాటు వాళ్లూ జవాబు చెప్పాలి.